తాయెత్తు పాసైంది, ఎర్ర బస్సు ఫెయిలైంది

ప్రశ్న: సార్, మేము హన్మకొండలో ఉంటాం. మా బాబుకు రెండున్నరేళ్లు. ఏది చేతికొస్తే అది నోట్లోనే. బొమ్మల రంగుల్లో, గిన్నెల్లో, పసుపులో సీసం ఉంటుందని ఫోన్లో వీడియోలు చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఆన్‌లైన్‌లో సీసం కనిపెట్టే కిట్టు తెప్పించాను. దూదిపుల్లతో రుద్దితే సీసం ఉన్నచోట గులాబీ రంగు వస్తుందట. బాబు ఆడుకునే ఎర్ర ప్లాస్టిక్ బస్సుకు ఆ రంగు వచ్చింది. మా అత్తమ్మ జాతరలో కొని వాడి మెడలో కట్టిన తాయెత్తుకు రాలేదు. చారు కాచే సిల్వర్ గిన్నెకు రాలేదు, పసుపుకూ రాలేదు. బస్సు పడేశాను గానీ భయం పోలేదు. మా ఆయన ఇదంతా చాదస్తం అంటాడు. తాయెత్తు కూడా తీద్దామంటే అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఇంట్లో ఏముందో నిజంగా తెలుసుకునే దారి ఏదైనా ఉందా?
ఒక తల్లి, హన్మకొండ

సమాధానం:

అమ్మా, మిగతాది తీరిగ్గా చదువుదురు గానీ ముందు బాబు మెడలోని తాయెత్తు తీసి వాడికి అందనంత ఎత్తులో పెట్టండి. తాడు ఉండనివ్వండి, ఆ లోహపు గొట్టం ఒక్కటి తీయండి. అత్తమ్మగారితో ఏం మాట్లాడాలో కింద రాస్తాను. మీరు రాసిన వస్తువులన్నిటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది మీ కిట్టు పాస్ చేసిన ఆ తాయెత్తే. ఎర్ర బస్సులో సీసం లేకపోనూ వచ్చు.

మీది చాదస్తం కాదని మీ ఆయనకు చెప్పండి. పిల్లల రక్తంలో ఇంతవరకు సీసం ఉన్నా ఫర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దవాళ్లు మింగిన సీసంలో పదో వంతు ఒంటబడితే, మీ బాబు వయసు పిల్లలకు సగం దాకా ఒంటబడుతుంది. అది పోయి మెదడు పెరిగే పనికి అడ్డం పడుతుంది. చదువు, ఏకాగ్రత, స్వభావం మీద దాని దెబ్బ ఏళ్ల తర్వాత గానీ తెలియదు. పైకి మాత్రం పిల్లవాడు ఆడుతూనే ఉంటాడు, తింటూనే ఉంటాడు. ఆకలి మందగించడం, మలబద్ధకం, కడుపునొప్పి, రక్తం తక్కువ కావడం లాంటివి కనిపించే సరికి చాలా సీసం చేరిపోయి ఉంటుంది. అప్పుడు కూడా నులిపురుగులేమో అనుకుని మందు వేసి ఊరుకుంటాం. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే దాదాపు 80 కోట్ల మందికి, రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉందని 2020లో యునిసెఫ్ అంచనా వేసింది. వాళ్లలో చాలామంది మన దేశపు పిల్లలే.

మీరు ఇంట్లో వస్తువులన్నిటినీ వరసగా పరీక్షిస్తూ వచ్చారు. దాన్ని తిరగేయండి. ముందు బాబు రక్తం పరీక్ష చేయించండి. వస్తువులో సీసం ఉన్నా అది వాడి ఒంట్లోకి పోకపోతే హాని లేదు. వస్తువులన్నీ మంచివని తేలినా, మీకు తట్టని ఇంకో దారిలో పోతుంటే ఆ ధైర్యం ఉత్తదే. ఎంత పోయిందో చెప్పేది రక్తం ఒక్కటే.

పిల్లల డాక్టరును ‘బ్లడ్ లెడ్ లెవెల్’ రాయమని అడగండి. వరంగల్, హన్మకొండల్లో పెద్ద డయాగ్నస్టిక్ సెంటర్లు రక్తం తీసుకుని బయటి ల్యాబుకు పంపుతాయి, రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. రెండు జాగ్రత్తలు చెబుతాను. వేలిమీద గుచ్చి తీసే చుక్క రక్తంతో వద్దు, చర్మం మీది దుమ్ములో సీసం ఉంటే అదీ లెక్కలో కలిసిపోతుంది. నరం నుంచే తీయమనండి. రెండోది, రిపోర్టు పక్కన అచ్చువేసిన ‘నార్మల్’ అంకెను చూసి సంబరపడకండి. చాలాచోట్ల అది పాత అంకె, లేదా పెద్దవాళ్ల అంకె. అమెరికాలో పిల్లలకు డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కువ కిందే లెక్క, 2021 నుంచి ఇదే పద్ధతి. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని చెప్పింది. 45కు చేరితే, అవసరమైతే ఆస్పత్రిలో చేర్చి, సీసాన్ని బయటికి లాగే మందులు ఇస్తారు. 5కూ 45కూ మధ్య మందులకన్నా ఎక్కువ పనిచేసేది ఆ వస్తువును ఇంట్లోంచి తీసేయడమే. మూలం ఆగితే రక్తంలో సీసం నెలా నెలన్నరలో సగానికి దగ్గరగా తగ్గుతుంది. అందుకే రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించమంటారు. ఎముకల్లో చేరింది మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఇక మీ కిట్టు సంగతి. ఆ దూదిపుల్లల్లో సాధారణంగా ఉండేది రోడిజోనేట్ అనే రసాయనం. సీసం తగిలితే గులాబీ, ఎరుపు రంగుకు మారుతుంది. మందు మంచిదే, కానీ తనకు తగిలిన దాన్నే చూడగలదు. ఎర్ర బస్సును తడి పుల్లతో గట్టిగా రుద్దితే బస్సు రంగే ఊడి దూదికి అంటుకోవచ్చు. ఎర్ర వస్తువు మీద వచ్చిన గులాబీ రంగు సీసానిదా, బస్సుదా అనేది ఈ పుల్ల తేల్చలేదు. ఉత్త నీళ్లలో ముంచిన మామూలు దూదితో అదే చోట రుద్దినా గులాబీ వస్తే అది బస్సు రంగే.

తాయెత్తుకు రంగు రాకపోవడం మీ ఆయనకు ధైర్యం ఇచ్చి ఉంటుంది. చవక తాయెత్తుల మీద తళతళ మెరిసేది పైపూత, లోపల ఏ లోహం పోశారో పుల్లకు కనపడదు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 2007లో ఇలాంటి కిట్లను పరీక్షించింది. 104 ఫలితాల్లో 56 సీసం ఉన్నా లేదని చెప్పినవే. పైన సీసం లేని పూత ఉంటే లోపలి సీసాన్ని ఏ కిట్టూ నమ్మకంగా పట్టలేకపోయింది. పసుపుకు రంగు రాలేదన్నారు కదా, దానిమీదా భరోసా పెట్టుకోకండి. పసుపులో కలిపే సీసం లెడ్ క్రోమేట్ రూపంలో ఉంటుంది, అది ఈ మందుతో చాలా నిదానంగా గానీ కలవదు. పైగా ఈ పుల్లలు సీసం వేల పీపీఎంలలో (పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు) ఉంటేనే ఖాయంగా పట్టుకుంటాయి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదు. ఆ రెంటికీ మధ్య ఉన్న సీసం ఈ పుల్లకు దొరక్కపోవచ్చు.

దూదిపుల్లకన్నా ఎన్నో రెట్లు నమ్మకమైన యంత్రం మీ ఇంటికి ఆటో దూరంలోనే ఉంది. బంగారం టచ్ చూసే షాపుల్లో, హాల్‌మార్క్ సెంటర్లలో కారెట్ మీటర్ అని ఒక పెట్టె ఉంటుంది. దాని అసలు పేరు ఎక్స్‌ఆర్‌ఎఫ్. వస్తువు మీదికి ఎక్స్‌రేలు పంపితే ప్రతి లోహమూ తనకే చెందిన ఒక కిరణాన్ని తిరిగి వదులుతుంది. బంగారానిది ఒకటి, రాగిది ఒకటి, సీసానిది ఇంకొకటి. ఆ కిరణాలను లెక్కపెట్టి ఏ లోహం ఎంత పాలో చెబుతుంది. వస్తువును కరిగించక్కర్లేదు. విదేశాల్లో బొమ్మల్లో, నగల్లో సీసం వెతికే ఇన్‌స్పెక్టర్ల చేతిలో ఉండే తుపాకీ లాంటి పరికరం కూడా ఇదే, రూపం వేరు అంతే.

మా మనవరాలికి చుట్టాలు పెట్టిన ‘వెండి’ తాయెత్తును నేనలాగే తీసుకెళ్లాను. చంటిపిల్ల దాన్ని చప్పరిస్తుంటే చూసి, చేతిలోకి తీసుకున్నాను. చిటికెన వేలంత లేదు, ఆ సైజుకు ఎక్కువ బరువు తూగింది. అడుగున పూత లేచిన చోట బూడిదరంగు కనిపిస్తోంది. గోరుతో గట్టిగా నొక్కితే గీత పడింది. అక్కడ తెల్ల కాగితం మీద రాస్తే పెన్సిల్ గీతలా మసక గీత వచ్చింది. సీసానికి ఈ గుణాలన్నీ ఉంటాయి. షాపులో కుర్రాడు తాయెత్తును పెట్టెలో చిన్న కిటికీ మీద పెట్టి, కెమెరాలో చూస్తూ అటూ ఇటూ జరిపి, మూత వేశాడు. ఒక నిమిషం. స్క్రీన్ మీద వరస వచ్చింది. వెండి సున్నా. సగానికి పైగా సీసం, మిగతాది తగరం. “సార్, ఇది కరిగించినా మీకేం రాదు” అన్నాడు. పాపం, నేను వెండి కోసం వచ్చాననుకున్నాడు. ఇంటికొచ్చి రక్తం పరీక్ష చేయించేదాకా మా కోడలికి నిద్ర లేదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ వారమంతా గుర్తొచ్చింది.

మీరూ వెళ్లండి. “వెండి ఎంతుందో కాదు, సీసం, కాడ్మియం ఉన్నాయేమో చూడండి” అని నోరు తెరిచి అడగండి, ఎందుకంటే కొన్ని షాపుల్లో యంత్రం బంగారం, వెండి లెక్క మాత్రమే కాగితం మీద వేసేలా పెట్టుకుంటారు. పూత మందంగా ఉంటే కిరణాలు లోపలిదాకా సరిగ్గా పోవు, ఒక మూల ఆకురాయితో కొంచెం గీయించి అక్కడ చూడమనండి. తాయెత్తు, కడియం, మొలతాడు బిళ్ల, పట్టీల గజ్జెలు, ఇత్తడి చెంబు, కళాయి వేసిన గిన్నె, ఏ లోహపు వస్తువుకైనా ఈ యంత్రం చెప్పేది నమ్మొచ్చు. ప్లాస్టిక్ బొమ్మకూ, పసుపు పొడికీ ఆ పెట్టె చెప్పే అంకెలను పట్టించుకోకండి. దాన్ని నగల లోహాలకు సరిచేసి ఉంచుతారు.

కాడ్మియం కూడా సీసంలాంటి విషపు లోహమే, అడగమన్నది ఊరికే కాదు. మన దగ్గర పెళ్లిళ్లలో ‘కేడీఎం నగలు’ అని గొప్పగా చెప్పుకున్న రోజులున్నాయి కదా, ఆ కేడీఎం అంటే కాడ్మియమే. అతుకు వేయడానికి బంగారంలో కాడ్మియం కలిపేవారు. కరిగించేటప్పుడు ఆ పొగ పీల్చి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు పాడుచేసుకున్నది మన కంసాలులే. అందుకే దాన్ని మాన్పించారు. పాత నగను వేసుకున్నవాళ్లకు పెద్ద ప్రమాదం లేదు, పిల్లల నోట్లోకి పోయే చిన్న అతుకు నగ అయితే మాత్రం జాగ్రత్త.

చర్మం మీద ఉన్న సీసపు తాయెత్తు చర్మంలోంచి లోపలికి పోయేది చాలా తక్కువ. నోరే దాని దారి. చప్పరిస్తే కొంచెం కొంచెంగా పోతుంది. మింగితే కడుపులోని ఆమ్లంలో అది కరగడం మొదలవుతుంది. 2006లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో నాలుగేళ్ల పిల్లవాడు గుండె ఆకారంలో ఉన్న చిన్న గొలుసు బిళ్లను మింగి చనిపోయాడు. పరీక్షిస్తే ఆ బిళ్లలో 99 శాతం సీసమే. వాంతులతో ఆస్పత్రికి తెస్తే మొదట మామూలు కడుపు జబ్బు అనుకున్నారు. అందుకని ఎప్పుడైనా తాయెత్తు గానీ బిళ్ల గానీ కనిపించకపోతే ఇల్లంతా వెతుకుతూ కూర్చోకండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికో, దగ్గరలోని పిల్లల ఆస్పత్రికో తీసుకెళ్లి “లోహపు ముక్క మింగాడేమో” అని చెప్పి ఎక్స్‌రే తీయించండి. సీసం ఎక్స్‌రేలో స్పష్టంగా కనపడుతుంది.

అత్తమ్మగారి సంగతి. ఆమె జాతరలో అంత రద్దీలో నిలబడి మనవడి కోసం కొన్న వస్తువు అది. మీరు దూదిపుల్ల పట్టుకుని దాన్ని రుద్దుతుంటే, తన చేతి రక్షనే మీరు అనుమానించినట్టు ఆమెకు తోచి ఉంటుంది. కాబట్టి యంత్రం దగ్గరికి ఆమెనే వెంటబెట్టుకెళ్లండి. మీ మాట వినకపోయినా స్క్రీన్ మీద కనపడేదాన్ని కాదనరు. “అత్తమ్మా, రక్ష తీయట్లేదు, గొట్టం మారుస్తున్నాం అంతే” అనండి. లోపల మంత్రాక్షరాలు రాసిన యంత్రమో, విభూతో ఉంటే దాన్ని చిన్న నూలు గుడ్డలో పెట్టి ఆమె చేతనే కుట్టించండి. లేదా హాల్‌మార్క్ ఉన్న వెండిలో చేయించండి. ఎలాగూ మార్చేటప్పుడు మెడ నుంచి మొలకు మార్చండి. నిద్రలో తాడు మెడకు చుట్టుకునే భయం ఒకటి తగ్గుతుంది, నోటికీ అందదు. ఈ మాట మీకన్నా ఆమె ముందు ఒప్పుకుంటుందని నా నమ్మకం.

పసుపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మనం పసుపు పండే నేల మీద ఉన్నాం. నిజామాబాద్ మార్కెట్, మెట్‌పల్లి, జగిత్యాల, ఆర్మూరు, అన్నీ పసుపు ఊళ్లే. పొడి కొంటే కల్తీ, కొమ్ములు కొని గిర్నిలో పట్టించుకుంటే మంచిది అని అందరం అనుకుంటాం. సగమే నిజం. లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగును చాలాచోట్ల కలిపేది కొమ్ములకు పాలిష్ పట్టేటప్పుడే. పాతబడిన, తెగులు సోకిన, రంగు తగ్గిన కొమ్ముల మీద అది పడితే కొత్త బంగారంలా మెరుస్తాయి. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని చూసి, వెతుక్కుంటూ పోతే చివరికి తేలింది ఈ పసుపు దగ్గరే. అక్కడ 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికింది. అధికారులు చేతిలో పట్టే ఎక్స్‌ఆర్‌ఎఫ్‌తో హోల్‌సేల్ మార్కెట్‌కు వెళ్లి అక్కడికక్కడే పరీక్షించి జరిమానాలు వేశారు. పత్రికల్లో, టీవీల్లో చెప్పారు. 2021కల్లా అది సున్నాకు వచ్చింది. రెండేళ్లే పట్టింది. మన మార్కెట్ యార్డుల్లోనూ ఇలాంటి పరికరం ఒకటి ఉంటే రైతుకూ మంచిదే, మచ్చలేని పసుపుకు దాని ధర దానికి వస్తుంది. ఇది నేను అడుగుతూనే ఉంటాను.

మీ ఇంట్లో చేయగలిగింది ఇది. మరీ మెరిసే కొమ్ములు వద్దు. మట్టిరంగులో, కాస్త ముడతలతో, పాలిష్ పట్టని కొమ్ములు తీసుకోండి. ఒక కొమ్మును విరిచి చూడండి. లోపలి కంటే పైతోలే కొట్టొచ్చినట్టు పచ్చగా ఉంటే అనుమానించాలి. గాజు గ్లాసులో నీళ్లు పోసి కొమ్మును మెల్లగా వదలండి, కదపకండి. మంచి కొమ్ము నుంచి రంగు దాదాపుగా దిగదు, రంగు పట్టిన కొమ్ము వెంటనే నీళ్లను పచ్చగా చేస్తుంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిన పరీక్షే ఇది. అనుమానం రేపడానికి పనికొస్తుంది, సీసం లేదని తేల్చడానికి చాలదు. ఖాయంగా తెలియాలంటే ల్యాబుకే పంపాలి. పసుపులో సీసం 10 పీపీఎం దాటకూడదని చట్టం. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి తాను కొన్న సరుకును పరీక్ష చేయించుకోవచ్చు, కల్తీ తేలితే ఆ ఫీజు వాపసు వస్తుంది. మీ జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఆఫీసులో అడగండి. రాష్ట్ర ఆహార ప్రయోగశాల హైదరాబాద్‌లో నాచారంలో ఉంది.

పూజ పసుపును వంటకు వాడకండి. ఆ ప్యాకెట్ల మీద చిన్న అక్షరాలతో తినడానికి కాదని రాసి ఉంటుంది. మన మల్లన్న జాతరల్లో బండారి, అంటే పసుపు పొడి, చల్లుకుంటాం, పిల్లల నుదుటికీ బుగ్గలకూ రాస్తాం, కొందరు చిటికెడు నాలుక మీదా వేస్తారు. నాలుక మీద వేసేదైతే ఇంట్లో పట్టించిన పసుపే తీసుకెళ్లండి. దేవుడికి చల్లేది, బిడ్డ నోట్లో పడేది రెండూ మంచివే అయితే ఇంకా మేలు. సింధూరం ఇంకాస్త జాగ్రత్తగా చూడాల్సింది. నారింజ రంగులో మెరిసే కొన్ని సింధూరాలు సీసపు సింధూరమే, కొన్నిటిలో పాదరసం ఉంటుంది. మంచి పసుపూ సున్నమూ కలిపి చేసిన కుంకుమకు ఆ భయం లేదు. బాబు నుదుట పెట్టే బొట్టు చేత్తో తుడుచుకుని అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు, అంతవరకు ఆలోచించండి.

చారు కాచే సిల్వర్ గిన్నె. మనం సిల్వర్ అనేది అల్యూమినియాన్ని, మీకు తెలిసిందే. శుద్ధమైన అల్యూమినియంలో సీసం ఉండదు. పాత ఇంజిన్ ముక్కలు, రేడియేటర్లు, ఎలక్ట్రానిక్ తుక్కు కరిగించి పోసిన చవక గిన్నెల్లో, కడాయిల్లో ఉంటుంది. మందంగా, గరుకుగా, లోపల చిన్న చిన్న గుంటలతో, ఏ కంపెనీ ముద్రా లేకుండా, కిలో లెక్కన అమ్మేవాటిని అనుమానించండి. చింతపండు పులుసు, నిమ్మకాయ, టమాట లాంటి పుల్లనివే సీసాన్ని లాగుతాయి. ఎంతసేపు మరిగితే, ఎంతసేపు నిలవుంటే అంత లాగుతాయి. అంటే మీ గిన్నెకు చారే అన్నిటికన్నా కఠినమైన పరీక్ష, అది రోజూ మీ ఇంట్లో జరుగుతోంది. చారును స్టీలుకు మార్చండి, సిల్వర్ గిన్నెలో నీళ్లు కాచుకోండి. దీనికి ఏ పరీక్షా అక్కర్లేదు. అత్తమ్మగారి దగ్గర పాత ఇత్తడి, రాగి గిన్నెలుంటే కళాయి ఎవరు వేశారో అడగండి. కళాయికి తగరం కావాలి. తగరం ఖరీదు, సీసం చవక, కలిపేవాళ్లు కలుపుతారు. కారెట్ మీటర్ దీన్ని చటుక్కున పట్టేస్తుంది, తాయెత్తుతో పాటు ఒక గిన్నె కూడా పట్టుకెళ్లండి.

బొమ్మల విషయంలో మన చట్టం పర్వాలేదు. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. ఆ ప్రమాణంలో బొమ్మ రంగును గీకి, మనిషి కడుపులో ఉండే వేడిలో, కడుపులోలాంటి పలుచని ఆమ్లంలో రెండు గంటలు ఉంచి, అందులోకి ఎంత సీసం దిగిందో చూస్తారు. 90 పీపీఎం మించకూడదు. బిడ్డ మింగితే ఏమవుతుందన్నదే ఆ పరీక్ష అడుగుతుంది, అందుకే నాకు అది నచ్చుతుంది. మార్కు కింద సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటుంది. ఫోన్‌లో ఆ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్ వేసుకుని ఆ నంబరు కొట్టండి, కంపెనీ పేరు, లైసెన్సు నడుస్తోందో లేదో వస్తుంది. దొంగ మార్కులు ఎక్కువగా దొరికిపోయేది అక్కడే. జాతర బండి మీది బొమ్మకు, రోడ్డు పక్క వంద రూపాయల బొమ్మకు ఆ నంబరు ఉండదు. అలాంటివి బాబుకు నాలుగైదేళ్లు వచ్చేదాకా వద్దనండి.

నిర్మల్ బొమ్మ కొందామనుకుంటే ఒక మాట. పొనికి కర్రతో మన నిర్మల్ కళాకారులు చేసే బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది, అలాంటి బొమ్మలకు, నమోదైన చేతివృత్తుల వాళ్ల బొమ్మలకు ఐఎస్‌ఐ రూలు నుంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి మార్కు లేదని వాటిని తప్పు పట్టకండి. ఏ రంగు వేశారని మాత్రం అడగండి. అడిగితే వాళ్లూ జాగ్రత్త పడతారు. చప్పరించే వయసు పోయేదాకా వాటిని షోకేసులో పెట్టుకోండి.

ఇంకో నాలుగు మాటలు త్వరగా. మీ ఇంటి కిటికీ గ్రిల్స్‌కు, తలుపులకు 2017 నవంబరుకు ముందు వేసిన పాత రంగు పొరలుగా లేస్తుంటే పొడిగా గీకించకండి, తడిపి గీకించండి, బాబును ఆ రోజు అమ్మమ్మ ఇంటికి పంపండి. ఇంటి రంగుల్లో 90 పీపీఎం రూలు ఆ నెల నుంచే అమల్లోకి వచ్చింది. ఇంట్లో దుమ్మును పొడి చీపురుతో లేపే కన్నా తడిగుడ్డతో తుడవడం మేలు. ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పనిలో, వెల్డింగ్, పెయింటింగ్ పనిలో ఉంటే పని బట్టలు బయటే విప్పి, స్నానం చేశాకే బాబును ఎత్తుకోవాలి. కళ్లకు పెట్టే సుర్మా వద్దు, అది చాలావరకు సీసపు రాయి పొడే. ఆముదపు దీపం మసితో ఇంట్లో చేసిన కాటుకకు సీసం భయం లేదు, అయినా కంట్లో పెట్టకండి, డాక్టర్లు వద్దనేది దుమ్ము, సూక్ష్మజీవుల వల్ల. తెల్లబడే క్రీములు, ముఖ్యంగా లేబుల్ సరిగా లేనివి మీరు వాడుతుంటే మానేయండి. కేరళలో మలప్పురం జిల్లాలో అలాంటి క్రీముల్లోని పాదరసం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ల గురించి 2023లో అక్కడి డాక్టర్లు బయటపెట్టారు. తల్లి చర్మం మీదిది బిడ్డ చేతికీ నోటికీ అంటుతుంది.

ఒంట్లోంచి సీసం తీసేస్తామని అమ్మే పొడులు, డీటాక్స్ డ్రాప్స్ ఏవీ బాబుకు ఇవ్వకండి. భస్మాలు అసలే వద్దు. నాగభస్మం అంటేనే సీసపు భస్మం. అర్హత ఉన్న వైద్యుడు పెద్దవాళ్లకు లెక్కతో ఇచ్చేది వేరు, ఎవరో చెప్పారని పిల్లలకు నాకించేది వేరు. వాడి కంచం చూసుకోండి చాలు. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువైతే సీసం వాటి చోటులోకి దూరుతుంది. ఖాళీ కడుపు దాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. పొద్దున రాగి జావ, గుడ్డు, తోటకూర పప్పు, పెరుగు, నువ్వుల ఉండ, ఎక్కువసేపు ఆకలితో ఉంచకపోవడం, తినే ముందు చేతులు సబ్బుతో కడగడం. రక్తం తీయించేటప్పుడే హిమోగ్లోబిన్ కూడా చూడమనండి, తక్కువుంటే డాక్టరు ఐరన్ చుక్కలు రాస్తారు.

రిపోర్టు రాగానే ఆ అంకె నాకు రాయండి, ఆ మధ్యలో బాబు చప్పరించిన వస్తువులు గుర్తున్నన్ని కూడా రాయండి. అంకె 3.5 లోపల ఉంటే తాయెత్తు మార్చడం, చారు గిన్నె మార్చడం, పసుపు చూసి కొనడం, ఈ మూడూ చాలు, మిగతా ఇంటిని వదిలేయండి. అంతకు మించితే వెతుకుదాం, కలిసే వెతుకుదాం. పడేసిన ఎర్ర బస్సు చెత్తబండి ఎక్కకపోయి ఉంటే తీసి ఒక కవర్లో దాచండి. ఉత్త నీళ్ల దూదితో ఒకసారి రుద్ది చూడండి, గులాబీ రంగు దానికీ వచ్చి, బస్సు కింద ఐఎస్‌ఐ నంబరు ఉండి, అది యాప్‌లో కనపడితే, కడిగి వాడి బస్సు వాడికి ఇచ్చేయండి.